మామూలు ల్యాప్‌టాప్‌పై రీపర్: బెజవాడ ఎండల్లో కొన్నేళ్ల వాడకం తర్వాత

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక చిన్న గదిలో కీర్తనలు, భజనలు, అప్పుడప్పుడు హరికథలు రికార్డు చేస్తుంటాను. సాఫ్ట్‌వేర్ రీపర్, అంటే పాటలను రికార్డు చేసి కలిపే ప్రోగ్రాం. కంప్యూటర్ ఐ5-8250యు ప్రాసెసర్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. దానికి రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకీ, అక్కడి నుంచి హెడ్‌ఫోన్లలోకీ చేర్చే పెట్టె. కొన్నేళ్లుగా పనంతా ఈ మూడింటి మీదే నడుస్తోంది. పాట మధ్యలో చిటపటలు వస్తున్నాయనీ, గొంతు క్షణం పాటు తెగిపోతోందనీ, ఇక ల్యాప్‌టాప్ మార్చక తప్పదనీ తోటి గాయకులు, కీబోర్డు వాయించేవాళ్లు తరచూ ఫోన్ చేస్తుంటారు. ఏలూరు రోడ్డులో ఒక దుకాణంవాళ్లు నాకూ అదే సలహా ఇచ్చారు, ఐ7 కొనమని. కొనలేదు, అవసరం రాలేదు. డబ్బు తీసే ముందు, ఉన్న యంత్రం ఎక్కడ ఆలస్యం చేస్తోందో కనిపెట్టండి. అది తెలిస్తే సగం పని అయినట్లే.

ముందు రీపర్ గురించి. ఒకప్పుడు ఇంటింటా కంప్యూటర్లలో పాటలు వినిపించిన విన్‌ఆంప్‌ను రాసిన జస్టిన్ ఫ్రాంకెలే దీన్నీ మొదలుపెట్టాడు. తొలి వెర్షన్ 2006లో వచ్చింది. 60 రోజుల పాటు అన్ని సౌకర్యాలతో ఉచితంగా వాడి చూడవచ్చు. ఆ తర్వాత సొంత వాడకానికీ, చిన్న వ్యాపారాలకూ లైసెన్సు 60 డాలర్లు. చాలా తేలికైన సాఫ్ట్‌వేర్, పాత ల్యాప్‌టాప్‌లో కూడా చప్పున తెరుచుకుంటుంది. అయితే నాకు దీనిలో అన్నిటికంటే విలువైనది వ్యూ మెనూలో ఉండే పర్ఫార్మెన్స్ మీటర్. ఏ ట్రాక్ (ఒక్కో గొంతు, వాద్యం ఉండే వరుస) ప్రాసెసర్‌ను ఎంత తింటోందో విడివిడిగా చూపిస్తుంది. మొత్తం సీపీయూ వాడకంతో పాటు అప్పటికప్పుడు పూర్తి కావలసిన పని బరువును చూపే రియల్‌టైమ్ సీపీయూ అనే అంకెను వేరుగా ఇస్తుంది. చిటపటల సంగతి చెప్పేది ఈ రెండో అంకే.

ఎందుకంటే, కంప్యూటర్ ఇంటర్‌ఫేస్‌కు శబ్దాన్ని చిన్న చిన్న వంతులుగా అందిస్తుంది. ఒక్కో వంతులో ఎన్ని శాంపిళ్లు (శబ్దపు కొలతలు) ఉండాలో నిర్ణయించేదే బఫర్ సైజు. 48 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 48,000 శాంపిళ్లతో, 64 శాంపిళ్ల బఫర్ అంటే 1.33 మిల్లీసెకన్లు. 256 అయితే 5.33, 1024 అయితే 21.3. ఆ గడువు ముగిసేలోగా తర్వాతి వంతు సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఇంటర్‌ఫేస్ దగ్గర వినిపించడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీయే మన చెవికి టిక్కుమంటుంది. పెళ్లి భోజనాల బంతిలో చూడండి: వంటశాలలో గుండిగ నిండా అన్నం ఉన్నా, వడ్డించే మనిషిని దారిలో ఎవరో ఆపితే విస్తరి ఖాళీగానే ఉంటుంది. టాస్క్ మేనేజర్ చూపించే శాతం గుండిగలో అన్నం ఎంత ఉందో చెబుతుంది, వడ్డించేవాడు ఎక్కడ ఆగిపోయాడో చెప్పదు. సీపీయూ 30 శాతం దగ్గరే ఉన్నా పాట తెగిపోవడం ఇందువల్లే.

చిటపటలకు అందరూ చెప్పే మొదటి మందు బఫర్ పెంచడం. మిక్సింగ్ చేసేటప్పుడు, అంటే రికార్డయిన ట్రాకులను కలిపేటప్పుడు, అది నిజంగానే మంచి మందు. మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నప్పుడూ వాయిస్తున్నప్పుడూ పరిస్థితి వేరు. ఒకసారి మృదంగం రికార్డింగ్‌కు బఫర్ 1024లో పెట్టి, వాయిద్యాన్ని రీపర్ గుండానే హెడ్‌ఫోన్లలోకి పంపాం. మాష్టారు ఆది తాళంలో ఒక ఆవర్తం వాయించి ఆగిపోయారు. ఎడమ చెవి మీది హెడ్‌ఫోన్‌ను పక్కకు తోసి, మళ్లీ ఒక్క చాపు కొట్టి విన్నారు. "నా దెబ్బ నాకే వెనక పడి వినిపిస్తోందయ్యా, చెయ్యి బరువెక్కుతోంది" అన్నారు. ఆయన చెవి పట్టేసింది సరైన లెక్కే. లోపలికి రావడానికి 21, బయటికి వెళ్లడానికి 21, రెండూ కలిసి 42 మిల్లీసెకన్లు దాటుతాయి. ఇంటర్‌ఫేస్ లోపలి ఆలస్యం దానికి అదనం. లయ మీద బతికే వాద్యకారుడికి అంత తేడా భరించరానిది.

ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటే ఈ బాధ అక్కడికక్కడే తీరుతుంది. మైకు శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి రాకుండా నేరుగా చెవికి చేరుతుంది, బఫర్ ఎంత పెద్దదైనా పర్వాలేదు. మృదంగానికీ వీణకూ నేను ఇదే వాడతాను. గాయకుల విషయంలోనే చిక్కు. హెడ్‌ఫోన్లలో కొంచెం రెవెర్బ్ (హాలులో పాడినట్టుండే ప్రతిధ్వని) లేకపోతే చాలామందికి గొంతు విప్పడానికి మనసు రాదు, ఆ రెవెర్బ్ రీపర్ నుంచే రావాలి. అందుకే నా గదిలో అసలు పోరాటమంతా చిన్న బఫర్‌తో, అంటే 128తో, చిటపటలు లేకుండా పని జరిపించడానికే సాగింది.

ఆ పోరాటంలో నాకు బాగా కలిసొచ్చినది లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రాం. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. విండోస్‌లో వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ, యూఎస్‌బీ, ఇలా ప్రతిదానికీ ఒక డ్రైవర్, అంటే దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం, ఉంటుంది. అవి తమ వంతు వచ్చినప్పుడు ప్రాసెసర్‌ను పట్టుకుని, పని కాగానే వదలాలి. ఒక డ్రైవర్ వదలకుండా 2 మిల్లీసెకన్లు పట్టుకుంటే 64 శాంపిళ్ల బఫర్ గడువు దాటిపోయినట్లే, మీ దగ్గర ఎంత ఖరీదైన ప్రాసెసర్ ఉన్నా సరే. లేటెన్సీమాన్ ఆ పట్టుకున్నది ఎవరో పేరుతో సహా చూపిస్తుంది. పాట ప్లే చేస్తూ పది నిమిషాలు దాన్ని వదిలేసి, డ్రైవర్స్ అనే ట్యాబ్ తెరిచి, ఎక్కువ సమయం పట్టినవి పైకి వచ్చేలా వరుస మార్చండి. నా ల్యాప్‌టాప్‌లో పచ్చగా ఉన్న పట్టీ ఉన్నట్టుండి ఎర్రబడేది. పైన కనిపించిన పేరు ఎన్‌డిఐఎస్ డాట్ సిస్, అంటే నెట్‌వర్కుకు సంబంధించినది. వైఫై ఆపగానే పట్టీ మళ్లీ పచ్చగా నిలబడింది. తిరిగి ఆన్ చేస్తే మళ్లీ ఎరుపు. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఉండదు.

ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి కొత్త వైఫై డ్రైవర్ వేశాక చాలావరకు తగ్గింది. అయినా రికార్డింగ్ వేళ వైఫై, బ్లూటూత్ రెండూ ఆపేస్తాను. పేరు ఏసీపీఐ అని వస్తే బ్యాటరీ, కరెంటు నిర్వహణ వైపు చూడాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు వస్తే ఆ డ్రైవర్ మార్చి చూడాలి. ఇంకో మాట: విండోస్ మామూలు ఆడియో డ్రైవర్లతో చిన్న బఫర్ గురించి ఆలోచించకండి. స్టైన్‌బెర్గ్ సంస్థ రూపొందించిన ఏసియో పద్ధతిలో, మీ ఇంటర్‌ఫేస్ తయారీదారే ఇచ్చిన డ్రైవర్ వేసుకోండి. ఏసియో ఫర్ ఆల్ అనేది అలాంటి సొంత డ్రైవర్ లేనివాళ్లకు, ఉన్నవాళ్లకు అవసరం లేదు.

ఇక ఎండ. దీని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే వేరే ఊళ్లవాళ్లు రాసిన సలహాల్లో ఇది ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే నెలాఖరులో బెజవాడలో మధ్యాహ్నం రికార్డింగ్ అంటే, మైకుకు వినిపిస్తుందని ఏసీ ఆపాలి, ఫ్యాను ఆపాలి, కిటికీలు మూయాలి. గది అరగంటలో కుంపటిగా మారుతుంది. ఉదయం 128 బఫర్‌లో హాయిగా నడిచిన ప్రాజెక్టు మూడు గంటలకు చిటపటలాడుతుంది, ఒక్క సెట్టింగు కూడా మారకుండానే. హెచ్‌డబ్ల్యుఇన్ఫో అనే ప్రోగ్రాంలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూస్తే కారణం తెలిసిపోతుంది. 100 డిగ్రీల దరిదాపుల్లోకి రాగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, చల్లబడగానే మళ్లీ పెంచుతుంది. ఈ ఎగుడుదిగుడే పాటను తెంపేది. స్థిరమైన తక్కువ వేగం శబ్దానికి ఎప్పుడూ మేలు.

అందువల్ల వేసవిలో నేను పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తాను. ఒక్క శాతంతో ఏమవుతుందని అనిపిస్తుంది కానీ, ఇంటెల్ ప్రాసెసర్లలో దీనివల్ల టర్బో, అంటే అవసరాన్ని బట్టి అసలు వేగాన్ని మించి పరుగెత్తడం, ఆగిపోతుంది. నా ప్రాసెసర్ టర్బోలో 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, అది ఆగితే అసలు వేగమైన 1.6 దగ్గర నిలకడగా ఉంటుంది. వేడి బాగా తగ్గుతుంది, ల్యాప్‌టాప్ ఫ్యాను రొద కూడా మైకులోకి రాదు. రెండు గొంతులు, ఒక తంబుర, కొద్దిపాటి రెవెర్బ్ రికార్డు చేయడానికి ఆ 1.6 చాలు. ముప్పై ట్రాకుల మిక్సింగ్‌కు చాలదు. అది రాత్రిపూట ఏసీ వేసుకుని, మళ్లీ 100 శాతానికి పెట్టుకుని చేసుకోవాలి. ఇది కాక గవర్నర్‌పేటలో ఒక మెకానిక్‌తో లోపలి దుమ్ము తీయించి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు కొత్తగా వేయించాను. కొంత వాడకం తర్వాత ప్రతి ల్యాప్‌టాప్‌కూ ఇది చేయించాలి. కృష్ణా తీరపు గాలిలో తేమ ఎక్కువ, ఫ్యాను రెక్కల మీద దుమ్ము గట్టిగా పేరుకుంటుంది.

రీపర్‌లోనే తెలుసుకోవలసిన ఒక కిటుకు ఉంది. మైకు ఆన్ చేయని ట్రాకులను అది ముందుగానే లెక్కగట్టి పెట్టుకుంటుంది, మామూలు సెట్టింగులో 200 మిల్లీసెకన్ల మేర. అందుకే బరువైన ప్రాజెక్టులు కూడా దీనిలో తేలికగా నడుస్తాయి. రికార్డింగ్ కోసం సిద్ధం చేసిన ట్రాకును మాత్రం అలా ముందుగా లెక్కించడం కుదరదు, ఇంకా పాడని పాటను ఎవరు లెక్కించగలరు! "అంతా బాగానే ఉండి, ఎర్ర బొత్తం నొక్కగానే చిటపటలు మొదలవుతున్నాయి" అని వచ్చే ఫోన్లకు సమాధానం ఇదే. ఆ ట్రాకు మీదా, ట్రాకులన్నీ కలిసే మాస్టర్ మీదా ఉన్న ప్లగిన్లన్నీ (రెవెర్బ్ వంటి అదనపు ప్రోగ్రాములు) ఒక్కసారిగా అసలు గడువులోకి వచ్చిపడతాయి. పాడించేటప్పుడు మాస్టర్ ఖాళీగా ఉంచండి. లీనియర్ ఫేజ్ ఈక్యూలు (స్వరపు హెచ్చుతగ్గులు సరిచేసేవి), ముందుచూపు ఉన్న లిమిటర్లు (శబ్దం హద్దు దాటకుండా ఆపేవి) అసలే వద్దు. అవి ప్రాసెసర్‌ను తినడంతో పాటు ఆలస్యాన్నీ కలుపుతాయి. రెవెర్బ్ ప్రతి ట్రాకు మీదా వేయకుండా ఒకే ట్రాకు మీద వేసి, మిగతావాటిని సెండ్ ద్వారా అక్కడికి పంపండి. వయొలిన్ సమూహం వంటి బరువైన వాద్యాలు ఖరారయ్యాక ఆ ట్రాకును ఫ్రీజ్ చేయండి, అంటే మామూలు శబ్దం ఫైలుగా మార్చి ఉంచండి. మార్పు కావాలంటే మళ్లీ విడిపించుకోవచ్చు.

డిస్కు మీద పడే నింద చాలావరకు అన్యాయం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల మోనో ట్రాకుకు సెకనుకు 144 కిలోబైట్లు చాలు, నిమిషానికి 8.64 మెగాబైట్లు. ఇలాంటివి 24 ట్రాకులైనా సెకనుకు మూడున్నర మెగాబైట్లు దాటవు, పాత హార్డ్ డిస్కు కూడా మోస్తుంది. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అయ్యేది శాంపిల్ వాద్యాలు (ముందే రికార్డు చేసిన ధ్వనులతో కంప్యూటర్‌లో మోగేవి) వాడేటప్పుడు, ఎందుకంటే అవి వేలకొద్దీ చిన్న ముక్కలను డిస్కులో వేర్వేరు చోట్ల నుంచి ఏరుకోవాలి. నేను ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 నుంచి 16 జీబీకి పెంచింది వాటి కోసమే. ఆ మేరకు పెట్టిన డబ్బు సార్థకమైంది. గొంతు, వీణ, మృదంగం మాత్రమే రికార్డు చేసేవాళ్లు ఈ ఖర్చును తొందరపడి పెట్టనక్కర్లేదు.

చిన్నవి కొన్ని. ఇంటర్‌ఫేస్‌ను హబ్‌కు కాకుండా నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టండి, కరెంటు ఆదా కోసం పోర్టును నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. ప్రాజెక్టు ఫోల్డరును యాంటీవైరస్ తనిఖీ నుంచి తప్పించండి, క్లౌడ్‌తో తనంతట తాను సింక్ అయ్యే చోట దాన్ని ఉంచకండి. ఛార్జర్ పెట్టగానే గుయ్యిమనే హోరు వస్తే అది పనితీరు లోపం కాదు, ఎర్తింగ్ సమస్య. బఫర్ ఎంత మార్చినా పోదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఆ హోరు పోతుందని ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే, విండోస్ కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ వేగం తగ్గించి మళ్లీ చిటపటలకు దారి తీయవచ్చు.

రీపర్‌లో లోటు లేదా అంటే ఉంది. వాద్యాల ధ్వనులు దానితో పాటు రావు. తంబుర, తబలా, కీబోర్డు శబ్దాలు అన్నీ బయటి నుంచి తెచ్చుకోవాలి. మెనూలు కిక్కిరిసి ఉంటాయి, కొత్తవాళ్లకు మొదట్లో ఏది ఎక్కడ ఉందో తోచదు. రెడీమేడ్ లూపులతో గంటలో పాట కట్టాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు. ఎదురుగా కూర్చున్న మనిషి పాటను ఉన్నదున్నట్లు పట్టుకోవాలనుకునేవాళ్లకు, చేతిలో పాత ల్యాప్‌టాపే ఉన్నవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు.

కార్తీక మాసం ముందు భక్తి పాటల పని ఒక్కసారిగా వచ్చి పడుతుంది. దానికి వారం ముందే విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తి చేసి, పది నిమిషాలు లేటెన్సీమాన్ నడిపి, అంతా పచ్చగా ఉంటే అప్‌డేట్లను నిలిపివేస్తాను. విండోస్ ఐదు వారాల దాకా నిలపనిస్తుంది. ఎర్రబడితే, కొత్తగా మారిన డ్రైవర్‌ను డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ బొత్తంతో పాత వెర్షన్‌కు తిప్పుతాను. దానికి కూడా ఆ వారం గడువు సరిపోతుంది.