నాన్‌స్టిక్ దోశ పెనం: అట్లకు భేష్, పుల్కాలకు వద్దు

28 సెంటీమీటర్ల వెడల్పు, బల్లపరుపు అల్యూమినియం పళ్లెం, పైన నల్లటి పూత, చేతికి కాలని పిడి. నాన్‌స్టిక్ పేరుతో మన ఇళ్లలోకి ముందుగా వచ్చేది ఈ దోశ పెనమే. అట్ల విషయంలో దీనికి పూర్తి మార్కులు ఇవ్వొచ్చు. పెసరట్టు, ఊతప్పం, ఆమ్లెట్ అరచెంచా నూనెతోనే చిరగకుండా లేస్తాయి. పుల్కాలు కాల్చడానికి, కారప్పొడి దినుసులు వేయించడానికి, తాలింపుకు మాత్రం దీన్ని వాడకూడదు. ఆ పూత ఎంత వేడి తట్టుకుంటుందో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది.

పూత పేరు పీటీఎఫ్‌ఈ. 1938లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ దీన్ని అనుకోకుండా కనుక్కున్నాడు. టెఫ్లాన్ దాని వ్యాపార నామం. మామూలు వంట వేడికి ఇది చలించదు. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవడం మొదలవుతుంది, 350 దాటితే విడిపోయి విషవాయువులు వదులుతుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, దగ్గు వస్తాయి, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి చాలామంది దాన్ని ఫ్లూ అనుకుంటారు. పెంపుడు పక్షులకు ఆ వ్యవధి కూడా ఉండదు. వాటి ఊపిరితిత్తులు చాలా సున్నితం, మాడిన నాన్‌స్టిక్ పొగకు చిలకలు, లవ్‌బర్డ్స్ చూస్తుండగానే చనిపోతాయి. పంజరం ఉన్న ఇంట్లో దాన్ని వంటగదికి దూరంగా పెట్టాల్సిందే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఇంకా కిందే గీత గీశాయి. 170 డిగ్రీలు దాటితే ప్రమాదమని, ఖాళీ పెనాన్ని పొయ్యి మీద వదిలేస్తే ఆ పరిస్థితి వస్తుందని హెచ్చరించాయి. అట్టు కాలే వేడి ఆ గీత దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే మధ్యస్థ మంట దాటకూడదని మేం గట్టిగా చెబుతాం.

అసలు చిక్కంతా ఖాళీ పెనంతోనే. పెద్ద బర్నర్ మీద పెద్ద మంట పెడితే రెండు నుంచి ఐదు నిమిషాల్లో ఖాళీ పెనం 260 దాటగలదు. పెనం పెట్టి చట్నీకి తాలింపు వేసుకొచ్చే లోపు అంతసేపూ గడిచిపోతుంది. పుల్కాలతోనూ ఇదే బాధ. నూనె ఉండదు, పెనం పొడిగా గంటసేపు కాగుతూనే ఉంటుంది. ఆ పనికి ఇనుప పెనమే సరి.

వాడే పద్ధతి ఇలా ఉండాలి. స్టవ్ వెలిగించకముందే నాలుగైదు చుక్కల నూనె వేసి ఉల్లిపాయ చెక్కతో పెనమంతా రాయండి. మీడియం మంట మీద నిమిషం, నిమిషంన్నర చాలు. ఇనుప పెనానికి చేసే నీటిచుక్కల పరీక్షను ఇక్కడ నమ్మకండి, ఈ పూత మీద నీళ్లు చల్లగా ఉన్నప్పుడు కూడా ముత్యాల్లాగే నిలుస్తాయి. బదులుగా ఒక చుక్క పిండి వేసి చూడండి. పది పదిహేను సెకన్లలో అంచు గట్టిపడితే వేడి సరిపోయినట్టు. నూనె కూడా చెబుతుంది. రిఫైన్డ్ వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు 230 డిగ్రీల ప్రాంతంలో పొగ వదులుతాయి. పొగ కనిపించిందంటే హద్దుకు దగ్గర పడ్డట్టే. వెంటనే స్టవ్ ఆపి కిటికీలు తెరవండి.

పిండి పెనానికి పట్టకుండా గరిటె వెంట ముద్దగా లేచొస్తోందని చాలామంది పెనాన్ని తిడతారు. తప్పు వేడిది. పెనం ఎక్కువ కాగి ఉంటే పిండి తగలగానే ఉడికి ముద్దకడుతుంది, జారుడు పూత దాన్ని పట్టి ఉంచలేదు. ప్రతి అట్టుకూ ముందు మంట సిమ్‌కు తగ్గించి, తడి గుడ్డను బాగా పిండి ఒక్కసారి తుడిచి, పిండి పోసి తిప్పాక మళ్లీ మీడియంకు పెంచండి. సన్నగా పరుచుకుంటుంది. కాగిన పెనాన్ని మాత్రం కుళాయి కింద పెట్టకండి. అల్యూమినియం ఒక్కసారిగా ముడుచుకుని అడుగు వంగుతుంది. ఆ తర్వాత నూనె ఒక పక్కకే జారి, నూనె లేనిచోట పూత మాడుతుంది. ఇండక్షన్ స్టవ్ మీద కూడా నేరుగా ఎక్కువ పవర్‌తో మొదలుపెట్టకండి, వేడంతా నడిమధ్యకే వస్తుంది.

స్టీలు అట్లకాడ మూలలు పూతను గీరేస్తాయి, చెక్కది లేదా సిలికాన్‌ది వాడండి. కడగడానికి మెత్తని స్పాంజి, గోరువెచ్చని నీళ్లు, డిష్ లిక్విడ్ చాలు. స్టీలు పీచు తగలనివ్వకండి. అంచుల్లో గోధుమరంగు జిగురు పేరుకుని అట్లు అంటుకుంటుంటే పూత పోయిందని తొందరపడి పారేయొద్దు. అది చాలావరకు మాడి గట్టిపడిన నూనె. వంటసోడా ముద్ద పావుగంట పట్టించి స్పాంజితో తుడిస్తే వదులుతుంది.

ఇక పెట్టె మీది 'పీఎఫ్‌ఓఏ ఫ్రీ' ముద్ర. పీఎఫ్‌ఓఏ అనేది పూత తయారీలో ఒకప్పుడు వాడిన రసాయనం. అమెరికాలో పెద్ద కంపెనీలు 2015 నాటికి దాన్ని మానేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2023లో దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. కాబట్టి ఆ ముద్ర ఉండటం మంచిదే. కానీ అది పీటీఎఫ్‌ఈ లేదని చెప్పడం కాదు, మంట పెంచుకోవచ్చని చెప్పడం అంతకన్నా కాదు. 'గ్రానైట్', 'మార్బుల్' పేర్లతో అమ్మేవాటిలోనూ చాలావరకు చుక్కల డిజైన్ కిందున్నది పీటీఎఫ్‌ఈనే. పెట్టె వెనక చదివి కొనండి. పీటీఎఫ్‌ఈ అసలే వద్దనుకునేవారికి సిరామిక్ పూత ఉంది. దాన్నుంచి ఈ పొగల భయం లేదు, అయితే జారుడు గుణం త్వరగా తగ్గుతుంది. రోజూ అట్లు వేసే ఇంటికి అది నచ్చకపోవచ్చు.

కొనేటప్పుడు పళ్లెం మందం మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లు ఉండేలా చూడండి. రెండున్నర మిల్లీమీటర్ల పెనం చవకే గానీ మధ్యలో మాడుతుంది, అంచుల్లో పచ్చిగా వదులుతుంది.

పూత రేకులు పొరపాటున కడుపులోకి వెళ్తే శరీరం వాటిని అరిగించుకోదు, అలాగే బయటికి పోతాయి. అందుకు భయపడక్కర్లేదు. అయినా పూత లేచి కింద అల్యూమినియం తెల్లగా కనిపిస్తే ఆ పెనం ఇక వద్దు. పులిసిన పిండి, చింతపండు, టమాటా అల్యూమినియంను పిండిలోకి, కూరలోకి దిగేలా చేస్తాయి. అలాంటి పెనాన్ని ఇంట్లో పనిచేసే ఆమె చేతిలో పెట్టి పంపకండి. మన ఇంట్లో వాడకూడనిది వాళ్ల పిల్లలకూ వాడకూడనిదే. పాత సామాన్ల దుకాణంలో తుక్కు కింద వేసేయండి.