అన్నిటికీ ఒకే రిమోట్ కావాలంటే: ఏది కొనాలి, ఏది అంగట్లోనే వదిలేయాలి

తిరుపతి గాంధీ రోడ్డులో గానీ చిత్తూరులో గానీ అంగడికెళ్ళి 'యూనివర్సల్ రిమోట్' అని అడిగితే, మొదట చేతికిచ్చేది ఒకే కంపెనీ టీవీలన్నిటికీ పనిచేసే రకం. సాంసంగ్‌ది సాంసంగ్ టీవీలకు, ఎల్‌జీది ఎల్‌జీ టీవీలకు. సెల్స్ వేస్తే చాలు, సెట్టింగేమీ ఉండదు. పాత రిమోట్ పగిలిపోయినవాళ్ళకు అది బాగానే పనికొస్తుంది. టీవీ, సెట్టాప్ బాక్స్, హోమ్ థియేటర్ మూడూ ఒకదాంతోనే నడవాలంటే మాత్రం అడగాల్సింది లెర్నింగ్ రిమోట్, అంటే పాత రిమోట్ల సిగ్నళ్ళను చూసి నేర్చుకుని మళ్ళీ పంపేది.

డబ్బులు తీసే ముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముందు భాగాన్ని దానికి చూపించి బటన్ నొక్కండి. తెర మీద తెల్లగానో ఊదాగానో మినుకుమంటే ఆ బటన్ ఇన్‌ఫ్రారెడ్, అంటే ఐఆర్. వెనక కెమెరాల్లో కొన్నిటికి ఐఆర్‌ను ఆపే ఫిల్టర్ ఉంటుంది, అందుకే సెల్ఫీ కెమెరా. పవర్ ఒక్కటే నొక్కి ఊరుకోవద్దు, బాణాలు, ఓకే కూడా నొక్కాలి. టీవీకి గుచ్చి ఇంటర్నెట్ వీడియోలు చూసే అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ రిమోట్‌లో తిరకాసు ఇక్కడే ఉంది. టీవీ పవర్, వాల్యూమ్ ఐఆర్‌లో వెళ్తాయి, బాణాలూ హోమ్ బటనూ బ్లూటూత్‌లో వెళ్తాయి. స్టిక్‌కు ఐఆర్ అందుకునే సెన్సరే లేదు. ఎంత మంచి లెర్నింగ్ రిమోట్ కొన్నా స్టిక్ కదలదు. ఎల్‌జీ మ్యాజిక్ రిమోట్ పాయింటరూ, వాయిస్ బటన్లూ కూడా లెర్నింగ్‌కు లొంగవు.

కొందరికైతే అసలు కొనే పనే లేదు. సౌండ్‌బార్‌ను టీవీలో 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకు కలిపి ఉంటే, టీవీ సెట్టింగుల్లో సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరు మీదుగా ఒక పరికరం ఇంకోదాన్ని నడిపే సదుపాయం) ఆన్ చేయండి. సాంసంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఆ తర్వాత టీవీ రిమోట్ వాల్యూమే సౌండ్‌బార్‌కూ పనిచేస్తుంది. ఎరుపు, తెలుపు పిన్నుల వైర్లతో కలిపిన పాత 5.1 హోమ్ థియేటర్ సెట్లకు ఈ సదుపాయం రాదు.

మన వైపు చాలా ఇళ్ళకు సరిపోయేది డీటీహెచ్ రిమోట్‌కు డూప్లికేట్‌గా అమ్మే లెర్నింగ్ రకం. సెట్టాప్ బాక్స్ బటన్లన్నీ ముందే ఉంటాయి, టీవీ పవర్, వాల్యూమ్, సోర్స్ లాంటి నాలుగైదు బటన్లను మనం నేర్పుకోవాలి. తెలుగు ఛానెళ్ళూ తమిళ ఛానెళ్ళూ కలిపి చూసే ఇళ్ళలో నంబర్లు నొక్కే పని ఎక్కువ కాబట్టి, అంకెలు పెద్దగా, రబ్బరు గట్టిగా ఉన్నది ఏరుకోండి. మీ బాక్స్ హెచ్‌డీనా, ఎస్‌డీనా, ఏ కంపెనీది అన్నది ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్ళడం మేలు.

నేర్పే పద్ధతి ఎక్కువ మోడళ్ళలో ఇంతే: సెట్ బటన్‌ను ఎర్ర లైటు నిలకడగా వెలిగేదాకా పట్టుకోవాలి. నేర్చుకోవాల్సిన బటన్ ఒకసారి నొక్కాలి. పాత రిమోట్‌ను ఎదురెదురుగా 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టి అసలు బటన్ నొక్కాలి. లైటు మినుకుమంటే ఎక్కినట్టు. చివర మళ్ళీ సెట్. పని జరగకపోతే ముందు పాత రిమోట్‌కు కొత్త సెల్స్ వేయండి, కిటికీ ఎండ పడేచోటు నుంచి పక్కకు జరగండి. బలహీనమైన సిగ్నల్‌ను తప్పుగా రాసుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు.

ఇంకో ఇబ్బంది చాలామందిని తికమక పెడుతుంది. ఫిలిప్స్ తయారుచేసిన ఆర్‌సీ-5 అనే రిమోట్ సిగ్నల్ పద్ధతి వాడే పరికరాల్లో, బటన్ వదిలి మళ్ళీ నొక్కిన ప్రతిసారీ సిగ్నల్‌లో ఒక బిట్ (0 లేదా 1) మారుతుంది, అది చూసే ఇది కొత్త నొక్కు అని పరికరం గుర్తుపడుతుంది. చవక లెర్నింగ్ రిమోట్ నేర్చుకున్నదాన్నే ఎప్పుడూ ఒకేలా పంపుతుంది. దాంతో 11 అని నొక్కితే బాక్స్ ఒక్క 1 మాత్రమే తీసుకుంటుంది. రిమోట్ చెడిపోలేదు, దాని తెలివి అంతే. వేరే రకంతో మార్చుకోవడమే మేలు.

కొనే ముందు అంగట్లోనే ఒక బటన్ నేర్పి, సెల్స్ తీసి ఓ పది నిమిషాలాగి మళ్ళీ వేయించండి. నేర్పినవి చెరిగిపోతే ఆ రకం వద్దు. అలాంటిదైతే సెల్స్ మార్చిన ప్రతిసారీ మొదటినుంచీ మొదలుపెట్టాలి.

రకరకాల కంపెనీల సిగ్నళ్ళు (కోడ్‌లు) ముందే లోపల ఉండి, మీ టీవీకి సరిపడేదాన్ని ఒక్కొక్కటిగా పంపి వెతికే ఆటో సెర్చ్ రకంలో, టీవీ ఆరిపోగానే ఓకే కొట్టేయకండి. పవర్ కోడ్ కలిసినా మ్యూట్, సోర్స్ కలవకపోవచ్చు. ఆ రెండూ వాల్యూమూ నొక్కి చూశాకే ఖాయం చేయాలి. లోకల్ కేబుల్ బాక్సులకు వీటి కోడ్ పట్టీల్లో చోటు దొరకడం అరుదు.

'ఒక్క నొక్కుతో అన్నీ ఆన్' అనే బటన్ మీద మాకు నమ్మకం తక్కువ. ఎక్కువ పరికరాల్లో ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకే కోడ్. కరెంటు పోయి వస్తే కొన్ని బాక్సులు వాటంతటవే వెలుగుతాయి, టీవీ మాత్రం స్టాండ్‌బైలోనే ఉంటుంది. అప్పుడు ఆ బటన్ నొక్కితే టీవీ ఆన్, బాక్స్ ఆఫ్.

ఏసీని ఇందులో కలపాలనుకోకండి. ఏసీ రిమోట్ ప్రతి నొక్కుకూ ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం మొత్తం కలిపి ఒకేసారి పంపుతుంది. 24 దగ్గర నేర్పిన బటన్ ఎప్పుడూ 24నే పెడుతుంది. ఏసీకి కోడ్‌లతో పనిచేసే ఏసీ రిమోట్ విడిగా తీసుకోవాలి, లేదా బ్రాడ్‌లింక్ ఆర్ఎం4 మినీ లాంటి వైఫై బ్లాస్టర్ (ఫోన్ నుంచి ఆదేశం అందుకుని ఐఆర్ సిగ్నల్ పంపే చిన్న పెట్టె). అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తుంది. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఎంచుకుని 'కనెక్ట్ కావట్లేదు' అని తల పట్టుకునేవాళ్ళే ఎక్కువ.

లాజిటెక్ హార్మొనీ యూనివర్సల్ రిమోట్ పాతది చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే, దాని తయారీ 2021లోనే ఆపేశారని గుర్తుంచుకుని బేరమాడండి.

ఫైర్ స్టిక్ ఉన్న ఇంట్లో రెండు రిమోట్లు తప్పవు. స్టిక్ సెట్టింగుల్లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌కు వెళ్ళి టీవీని చేర్చుకుంటే టీవీ పవర్, వాల్యూమ్ దాని రిమోట్‌కే వస్తాయి. ఛానెళ్ళకు సెట్టాప్ బాక్స్‌ది ఉంచుకోండి. పాత టీవీ రిమోట్‌ను పారేయకుండా సెల్స్ తీసి షోకేసులో పెట్టండి. పిక్చర్ సెట్టింగులకూ, మళ్ళీ నేర్పాల్సి వచ్చినప్పుడూ అదే కావాలి, సెల్స్ అందులోనే వదిలేస్తే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి.