పాదం విరిగే చోట ఆగి చూసిన విమర్శ: ఒక వ్యాస సంపుటి సమీక్ష

సమకాలీన తెలుగు కవిత్వం మీద వస్తున్న వ్యాస సంపుటాలలో ఎక్కువ భాగం ముందుమాటలను, ఆవిష్కరణ సభల ప్రసంగాలను ఒకచోట చేర్చి అచ్చువేసినవే. ఈ సంపుటి కూడా ఆ పుట్టుక నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. అయితే ఇందులో రెండు వ్యాసాలు ఆ కోవకు చెందవు. పుస్తకం కొనడానికి అవి చాలు.

మొదటిది వచన కవితలో పాదవిభజన గురించినది. గురజాడ వాడిన ముత్యాల సరం ఛందస్సులో చివరి పాదం పొట్టిది కావచ్చు గాని, మిగతా పాదాలకు 14 మాత్రలు, అంటే అక్షరాలను పలికే కాలపు కొలతలు. పాదం ఎక్కడ ముగియాలో అక్కడ ఛందస్సే నిర్ణయిస్తుంది. ఆ కొలతను విడిచిపెట్టిన తరువాత పంక్తిని ఎక్కడ విరవాలన్నది పూర్తిగా కవి బాధ్యత అయింది గాని, ఆ బాధ్యతను ఎవరు ఎలా నిర్వహించారని మన విమర్శ అడిగింది తక్కువ. వస్తువా శిల్పమా అని దశాబ్దాల పాటు వాదించుకున్న మనం శిల్పం అన్న మాటను ఉపమానాలకూ పదచిత్రాలకూ కుదించి ఊరుకున్నాం. ఈ వ్యాసకర్త మాత్రం తెలుగు వాక్య స్వభావం నుంచి మొదలుపెడతాడు. మన వాక్యంలో క్రియ సహజంగా చివర వస్తుంది కనుక, కర్తను ఒక పాదంలో ఉంచి క్రియను నాలుగు పాదాల తరువాత చెప్పే కవి పాఠకుణ్ణి అర్థం తేలకుండానే అంత దూరం నడిపిస్తాడనీ, క్రియను ముందుకు తెచ్చిన కవి అదే మాటను పిలుపుగా మార్చేస్తాడనీ ఆయన చూపిస్తాడు. ఉద్యమ కవిత్వం రెండో పద్ధతిని అంతగా ఎందుకు ఇష్టపడిందో ఇక్కడ మొదటిసారి ఒప్పుకోదగిన కారణం దొరికింది. ఇంత చెప్పిన పుస్తకంలో ఉదాహరణ కవితలను కాగితం ఆదా కోసం గీతలు పెట్టి వచనంలా కలిపి అచ్చువేయడం క్షమించడం కష్టం.

రెండో వ్యాసం 1990ల కవిత్వానికి సంబంధించినది. ముస్లిం జీవితం గురించి ఖాదర్ మొహియుద్దీన్ రాసిన దీర్ఘ కవిత ‘పుట్టుమచ్చ’ 1991లోనూ, స్త్రీవాద కవితల సంకలనం ‘నీలిమేఘాలు’ 1993లోనూ, దళిత కవితల సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ 1995లోనూ వచ్చాయి. వీటిని వాదాల పేర్లతో విడదీసి మాట్లాడడం మనకు అలవాటు. వ్యాసకర్త వాటిని పక్కపక్కన పెట్టి, వాటిలోని ‘నేను’ ఎవరితో మాట్లాడుతోందని అడుగుతాడు. తనను అవమానించిన వారితోనా, తనవారితోనా, లేక పక్కన నిలబడి వింటున్న మూడో మనిషితోనా? ఒకే కవితలో ఈ సంబోధన మారిన చోటనే స్వరం తీవ్రమవుతుందన్న ఆయన పరిశీలన విలువైనది. పద్యాలను సాక్ష్యాలుగా కాక కవితలుగా చదివినందువల్ల వాటి రాజకీయం తగ్గలేదు, మరింత స్పష్టమైంది.

కవుల మీద విడివిడిగా రాసిన వ్యాసాల దగ్గరికి వచ్చేసరికి ఈ చూపు మందగిస్తుంది. ఆర్ద్రత, నిబద్ధత, చిక్కదనం అన్న మాటలు ఎవరి పేరు కింద పెట్టినా సరిపోయేలా ఉన్నాయి. ఒక కవి పేరు తీసి మరొకరి పేరు పెడితే ఎన్ని వాక్యాలు మార్చవలసి వస్తుందో ఆ వ్యాసాలను మళ్లీ చదివి చూసుకుంటే రచయితకే తెలుస్తుంది. కవితలోని రెండు పాదాలు ఉటంకించి, వెంటనే వాటినే వచనంలో తిరగరాసి, దానికి విశ్లేషణ అని పేరు పెట్టడం ఈ భాగంలో తరచుగా కనిపిస్తుంది. సామాజిక మాధ్యమాలలో వెలువడే కవిత్వం గురించిన చిన్న వ్యాసం ఫిర్యాదుల దగ్గరే ఆగిపోయింది కనుక దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

వ్యాసాలు మొదట ఎప్పుడు, ఎక్కడ అచ్చయ్యాయో ఎక్కడా లేదు. ఇది చిన్న లోపం కాదు. ఒక కవి తొలి సంపుటి మీద చెప్పిన తీర్పు ఆ కవి మొత్తం కృషి మీద చెప్పిన తీర్పుగా కనిపించే ప్రమాదం దీనివల్ల కలుగుతోంది. కవుల పేర్ల సూచిక కూడా లేదు. మలిముద్రణలో ఈ రెండూ చేర్చి, ముందుమాటలుగా రాసినవాటిని తొలగించి, పాదవిభజన వ్యాసంలోని కవితలను విరిగిన చోట విరిగినట్టే అచ్చువేస్తే పుస్తకం సగానికి తగ్గుతుంది. ఆ సగాన్ని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పాఠ్యంగా పెట్టుకోవచ్చు.