బాస్ చేప మా గాలానికి, మేము కేబిన్ ఓనర్ గాలానికి

మినియాపొలిస్ నుంచి మిన్నెసోటా ఉత్తర కొసన ఉన్న ఈలీ అనే ఊరికి నాలుగు గంటల పైచిలుకు డ్రైవ్, దారిలో చెప్పుకోవాల్సిందేమీ లేదు. చెప్పాల్సింది మేం చేపలు పట్టడానికి వెళ్లి అద్దెకి దిగిన కేబిన్ గురించే. 'చేపలు పట్టేవాళ్లకి స్వర్గం, చేపలు శుభ్రం చేసుకోవడానికి ప్రత్యేకంగా గది' అని ఫొటోలు పెట్టారు. రాత్రికి 189 డాలర్లు, క్లీనింగ్‌కి 60, దుప్పట్లకి మనిషికి 12 చొప్పున గుంజి, మేం ఖాళీ చేశాక చెప్పాపెట్టకుండా కార్డు మీద ఇంకో 150 వేశారు. ఎందుకయ్యా అంటే వంట వాసనట! పట్టిన చేపని అంత శ్రద్ధగా శుభ్రం చేసుకునేది వేయించుకోవడానికి కాక మరెందుకు? మేం వేసిందల్లా కాస్త పసుపు, కారం, అల్లం వెల్లుల్లి. పక్క కేబిన్‌లో బేకన్ మాడ్చిన వాళ్లకి లేని జరిమానా మాకెందుకు పడిందో ఎవరికి వాళ్లు అర్థం చేసుకోవచ్చు. ఫోన్ చేస్తే "పాలసీ" అన్నారు, బుకింగ్ పేజీలో ఆ ముక్క ఎక్కడా లేదు. మా ఆవిడ ముందుచూపుతో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టింది కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాం, ఇంకా తేలలేదు.

సరస్సుకి మాత్రం వంక పెట్టలేం. ఫెర్న్‌బర్గ్ రోడ్డు చివర ఉన్న లేక్ వన్, బౌండరీ వాటర్స్ అనే రక్షిత సరస్సుల అడవిలోది, మోటారు బోట్లు నిషేధం. పగలు వెళ్లి వచ్చేయడానికి పర్మిట్ ఉచితం, అక్కడే ఫారం నింపుకోవచ్చు. రాత్రి టెంట్ వేస్తే మాత్రం మే నుంచి సెప్టెంబరు వరకు ముందుగా బుక్ చేసుకుని డబ్బు కట్టాలి. తిండి, కూల్‌డ్రింకుల టిన్ను డబ్బాలు, గాజు సీసాలు లోపలికి తీసుకెళ్లకూడదు, దాంతో షికాగో నుంచి వచ్చిన మా బావమరిది కోక్ టిన్నులన్నీ కారులోనే ఉండిపోయాయి, మధ్యాహ్నం దాకా మొహం మాడ్చుకునే ఉన్నాడు. చేపలు పట్టే లైసెన్స్ మిన్నెసోటాలో ఉండే భార్యాభర్తలకి కలిపి 40 డాలర్లు, బయటి రాష్ట్రం వాళ్లకి బాగా ఎక్కువ, అది ఇంకో ఏడుపు.

కానో, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవ, అద్దె 55 డాలర్లు. తేలికపాటి కెవ్లార్ పీచుతో చేసిందే తీసుకోండి, అల్యూమినియంది మోయాల్సి వస్తే నడుం పడిపోతుంది. కాకపోతే దాన్ని రాళ్ల మీదకి ఎక్కించకూడదు, మోకాలి లోతు నీళ్లలోనే దిగాలి, బూట్లు తడవడం ఖాయం. తేలిక కాబట్టి చిన్న గాలికే కొట్టుకుపోతుంది, వల సంచిలో రాళ్లు నింపి తాడు కట్టి లంగరు వేశాం. జూన్‌లో స్మాల్‌మౌత్ బాస్ ఒడ్డు దగ్గర బండల మధ్యే ఉంటుంది. జలగని ఎర గుచ్చి బండ పక్కన వదలగానే బావమరిది గాలం కర్ర ఒంగిపోయింది. చేప ఎగిరి ఒక్కసారి నీళ్ల మీద ఒళ్లు విదిలించింది, ఇత్తడి రంగు, పక్కల నిలువు చారలు, ఎర్రటి కన్ను. అంతసేపూ ఈ దోమల్లోకి ఎందుకు తెచ్చావని నన్ను తిట్టినవాడు, చీకటి పడుతోందిరా అన్నా తెడ్డు పట్టుకోడే.

కేబిన్ బుక్ చేసే ముందు "చేపలు లోపల వేయించుకోవచ్చా, దానికి విడిగా ఏమైనా వేస్తారా" అని మెసేజ్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మా బావమరిది ఆ తలనొప్పే వద్దని టెంట్ కొనేశాడు, 129 డాలర్లు.