గేదెలా, సంకరం ఆవులా? డైరీకి ఏది మేలు

డైరీ పెడదామనుకుంటున్నాం, గేదెలు కొనాలా ఆవులు కొనాలా అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. పది పదిహేను పశువులతో మొదలుపెట్టి పాల మీదే బతకాలనుకునేవాళ్ల కోసం ఇది. ఇంటి పాలకోసం ఒకటో రెండో కట్టేసుకునేవాళ్లకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు, నచ్చింది కొనుక్కోవచ్చు. నా కొట్టంలో ఉన్నవి జెర్సీ సంకరం ఆవులని (విదేశీ జెర్సీ జాతి, మన జాతి కలిసినవి) ముందే చెప్పేస్తున్నాను. ఆ మొగ్గు ఎక్కడైనా కనబడితే కాస్త తగ్గించుకుని చదవండి.

గేదెల పక్షం వాళ్లు వెన్న శాతం చూపిస్తారు. ముర్రా జాతి గేదె పాలలో 7 శాతం దాకా వెన్న ఉంటుంది, సంకరం ఆవు పాలలో 4 దగ్గర ఉంటుంది. ఆవుల పక్షం వాళ్లు లీటర్లు చూపిస్తారు. ఇద్దరూ చెప్పేది నిజమే. కాకపోతే ఇద్దరూ పాలిస్తున్న పశువు గురించే మాట్లాడతారు. మనం మేత వేసేది పాలిచ్చే రోజుల్లోనే కాదు కదా, వట్టిపోయిన రోజుల్లో కూడా వేయాలి. నా దృష్టిలో లాభనష్టాలు తేలేది అక్కడే. ఈతకూ ఈతకూ (కాన్పుకూ కాన్పుకూ) మధ్య ఎన్ని నెలలు పడుతోంది అన్నదాన్ని మించిన ప్రశ్న డైరీలో లేదు.

లెక్క వేసి చూద్దాం. ఒక మంచి సంకరం ఆవు ఈతకు 3,000 లీటర్లు ఇస్తుందనుకుందాం. 4 శాతం చొప్పున 120 కిలోల వెన్న. ఒక మంచి ముర్రా ఈతకు 2,000 లీటర్లు ఇస్తుందనుకుందాం. 7 శాతం చొప్పున 140 కిలోలు. (లీటరును కిలో కిందే లెక్కగట్టాను, తేడా స్వల్పం.) ఇక్కడితో ఆపితే గేదె 20 కిలోలు ముందుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు.

ఇప్పుడు దాన్ని రోజులతో భాగించండి. సరిగ్గా చూసుకుంటే ఆవు 13 నెలలకు, అంటే సుమారు 400 రోజులకు మళ్లీ ఈనుతుంది. గేదెకు 16 నెలలు, 480 రోజులు పట్టడం మామూలే. ఆవుకు రోజుకు 300 గ్రాముల వెన్న, గేదెకు 290. ముందున్న గేదె కాస్త వెనకబడింది. ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న, నీరు కాక మిగిలే ఘనపదార్థాలు) చూస్తే తేడా ఇంకా పెద్దది: ఆవుకు రోజుకు 640 గ్రాములు, గేదెకు 375.

ఈ లెక్క ఎటైనా తిరగబడుతుంది. అదే గేదెను 400 రోజులకు ఈనించగలిగితే రోజుకు 350 గ్రాముల వెన్న వస్తుంది, ఆవు దరిదాపుల్లో ఉండదు. అదే ఆవు అశ్రద్ధ వల్ల 480 రోజులకు జారితే 250కి పడిపోతుంది. అంటే జాతికంటే ఈతల మధ్య ఎడమే ఎక్కువ పనిచేస్తోంది. చూడి (గర్భం) ఆలస్యమైతే పాలు ఇంకొన్నాళ్లు సాగుతాయి కదా అంటారు. సాగుతాయి, పూటకు లీటరో లీటరున్నరో. ఆ పాలు దాణా ఖర్చుకు కూడా చాలవు.

మరి గేదెలకు ఎడం ఎందుకు పెరుగుతుంది? ఒకటి ప్రకృతి. ఆవు మోసేది దాదాపు 280 రోజులు, గేదె 310 రోజులు. ఏడాదికో ఈత కావాలంటే ఆవుకు ఈనిన తర్వాత 85 రోజుల గడువుంది, గేదెకు 55 రోజులే. ఈనాక గర్భాశయం కుదుటపడటానికే నెలా నెలన్నర పోతుంది. అందుకే గేదె ఏడాదికోసారి ఈనాలని ఆశపడటం దండగ, 14 నెలలకు ఈనితే గొప్పే.

రెండోది మూగ ఎద, అంటే గుర్తులు పైకి కనబడని ఎద (పశువు జతకు సిద్ధమయ్యే సమయం). ఆవు ఎదకు వస్తే కొట్టమంతా తెలుస్తుంది. అరుస్తుంది, పక్కదాని మీదికి ఎక్కుతుంది, ఇంకొకటి ఎక్కితే కదలకుండా నిలబడుతుంది, తోక వెనక జిగట ద్రవం తీగలుగా వేలాడుతుంది. గేదెలో ఇవేవీ గట్టిగా కనబడవు, ఒకదాని మీద ఒకటి ఎక్కడం బాగా అరుదు. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని వెళ్లి, పడుకున్న గేదెను లేపకుండా దాని తోక వెనక నేల మీద వెతకాలి. పడుకున్నప్పుడు కారిన తీగ అక్కడ చెంచాడు ఉంటుంది. గేదె లేచి పేడ వేసిందంటే ఆ తీగ అందులో కలిసిపోతుంది, పొద్దున పేడ ఎత్తే మనిషికి ఏమీ కనబడదు. మాటిమాటికీ కొద్దికొద్దిగా ఉచ్చ పోయడం, రోజూ సులువుగా చేపే (పొదుగులోకి పాలు దింపే) గేదె ఆ పూట చేపకపోవడం, మానం కాస్త ఉబ్బడం, మేత ముందు నిలబడి దిక్కులు చూడటం, వీటన్నిటినీ కలిపి అర్థం చేసుకోవాలి. ఒక ఎద తప్పిపోతే 21 రోజులు పోయినట్టే. ఎండలు ముదిరితే గేదెలు అసలు ఎదకే రాకుండా నెలలు గడిపేస్తాయి.

జీతగాడి మీద వదిలేసే డైరీలో ఈ పని జరగదు. జీతగాడిని తిట్టడానికి అనడం లేదు, తెల్లవారుజామున పాలు పిండే హడావుడిలో ఉన్న మనిషికి తోకల వెనక చూసే తీరిక ఎక్కడిది? గేదెలే పెట్టాలనుకుంటే ఒక మేలైన ముర్రా దున్నపోతును కొట్టంలో ఉంచుకోండి. మన కళ్లకు దొరకని ఎద దానికి దొరుకుతుంది. దాని మేత ఖర్చు గురించి గొణిగేవాళ్లు రెండు ఎదలు తప్పితే ఎంత పోతుందో లెక్క వేసుకోవాలి. ఆవులకైతే సూది (కృత్రిమ గర్భధారణ) చాలు. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం వేయించండి. ఆడదూడలు కావాలంటే లింగ నిర్ధారిత వీర్యం దొరుకుతోంది, పదింటిలో తొమ్మిది పెయ్యలే పుడతాయి. కాకపోతే దానితో చూడి నిలిచే శాతం కాస్త తక్కువ. తొలిచూలు పెయ్యలకు వాడటం మేలు.

వట్టి రోజుల ఖర్చు ఎంతో చూడండి. పైన చెప్పిన గేదె 300 రోజులు పాలిస్తే 180 రోజులు వట్టిగా ఉంటుంది. ఆవుకు అలాంటి రోజులు 100 లోపే. అందులో 60 రోజులు ఎలాగూ ఇవ్వాల్సిన విశ్రాంతి. అంటే ఆవుకంటే గేదె అదనంగా వట్టిగా ఉండేది సుమారు 80 రోజులు. పాలివ్వని పశువుకు కూడా రోజుకు 25 కిలోల పచ్చిమేత, 5 కిలోల ఎండుమేత, దాదాపు 2 కిలోల దాణా పడాల్సిందే. అంటే ఒక్కో గేదెకు ఒక్కో ఈత మధ్యలో 2 టన్నుల పచ్చిమేత, 160 కిలోల దాణా చుక్క పాలు రాకుండా పోతున్నాయి. పది గేదెలకు హెచ్చవేసుకోండి. డైరీ ఖర్చులో 60 నుంచి 70 శాతం మేపుదే, ఇంక దేన్ని పొదుపు చేసినా దీని ముందు చిల్లర.

పాలిచ్చేటప్పుడు దాణా లెక్కలోనూ తేడా ఉంది. ఒళ్లు నిలవడానికి వేసేది కాక, ఆవుకు ప్రతి రెండున్నర లీటర్లకు ఒక కిలో, గేదెకు ప్రతి రెండు లీటర్లకు ఒక కిలో వేస్తాం. పైగా ముర్రా బరువు 500 కిలోల పైమాట, జెర్సీ సంకరం 350, 400 మధ్య ఉంటుంది. ఆ అదనపు బరువును రోజూ మేపుతూనే ఉండాలి.

ఇంకో సంగతి దూడ. గేదె దూడను చూస్తేగానీ చేపదు. దున్నదూడ అని అశ్రద్ధ చేస్తారు, అది కాస్తా చచ్చిపోతుంది, ఇక గేదె పాలు చేపదు. అప్పుడు ఆక్సిటోసిన్ సూదికి అలవాటు చేసేవాళ్లున్నారు. ఆ దారిలోకి పోనే వద్దు, అలవాటైన గేదె అది లేకుండా చేపదు. సంకరం ఆవు దూడను పుట్టిన రోజే వేరుచేసి పాలు పట్టి పెంచినా, తల్లి పాలిస్తూనే ఉంటుంది. తర్వాతి తరం కూడా ఆవుల్లోనే త్వరగా చేతికొస్తుంది: పెయ్య రెండున్నరేళ్లకు ఈనితే, గేదె పడ్డ మూడున్నరేళ్లు దాటాకే. ఆ అదనపు ఏడాది మేపు కూడా మన జేబులోంచే.

ఇంతవరకూ చదివితే గేదెలు దండగ అని నేనంటున్నట్టు ఉంటుంది. అలా అనడం లేదు. గేదె స్పష్టంగా గెలిచే చోట్లు రెండున్నాయి.

మొదటిది అమ్మకం. పాల సేకరణ కేంద్రంలో పోసేవాళ్ల సంగతి వేరు, ఇళ్లకు నేరుగా వేసేవాళ్ల సంగతి వేరు. చాలాచోట్ల డైరీలు గేదె పాలకు వెన్న లెక్కన, ఆవు పాలకు వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ చూసి డబ్బు కడతాయి. అక్కడ పైన వేసిన లెక్క చాలావరకు నడుస్తుంది. కానీ చిక్కటి పాలు కావాలని ఇంటిముందుకొచ్చే ఖాతాదారులు మీకుంటే వాళ్లు వెన్న కొలవరు, గేదె పాలని ఎక్కువ ధర ఇస్తారు. ఆ ధర ఆవు పాల ధరకు దాదాపు 1.8 రెట్లు దాటితే 480 రోజుల ఎడం ఉన్నా గేదె నిలబడుతుంది. దాటకపోతే నిలబడదు. ఎవరో చెప్పిన ధరను నమ్మకుండా, పాలు ఎవరికి పోస్తారో ఆ మనిషిని ముందే అడిగి రండి.

రెండోది పాతబడిన పశువు. వట్టిపోయిన గేదెకు ఎప్పుడైనా ఎంతో కొంత ధర ఉంటుంది. ఆవుకు అన్నిచోట్లా ఉండదు. పాలు తగ్గిపోయిన ఆవును ఏం చేయాలో తెలియక ఏళ్ల తరబడి మేపేవాళ్లున్నారు. ఆవుల డైరీ లెక్క వేసేటప్పుడు ఈ ఖర్చును ముందే కలపండి, చాలామంది కలపరు.

ఎండ విషయంలో రెండు వైపులా అతిశయోక్తులే. సంకరంలో విదేశీ రక్తం పెరిగేకొద్దీ ఎండను తట్టుకునే శక్తి తగ్గుతుంది. అందుకే వేడి ప్రాంతాల్లో హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) రక్తం ఎక్కువున్న వాటి జోలికి పోకుండా, జెర్సీ సంకరం సగానికి అటూ ఇటూ ఉన్నవి చాలంటాను. పాలు కొంచెం తగ్గుతాయి, వెన్న పెరుగుతుంది, రోగాలు తగ్గుతాయి. గేదె ఎండకు జంకదనేది మాత్రం ఉత్త మాట. నల్లటి చర్మం, చెమట గ్రంథులు తక్కువ. చెరువో కుంటో, లేదా రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్లు కొట్టే ఏర్పాటో లేకపోతే ముందు ఇబ్బంది పడేది అదే. రోగాల్లో గొంతువాపు గేదెను ఎక్కువ పీడిస్తుంది, పిడుదుల వల్ల వచ్చే థైలేరియా సంకరం ఆవును ఎక్కువ పీడిస్తుంది. గాలికుంటుకు రెండూ ఒకటే. టీకాలు, పిడుదుల మందు సమయానికి వేస్తే ఇందులో పెద్దగా తేల్చేదేమీ లేదు.

గిర్, సాహివాల్ లాంటి దేశవాళీ ఆవుల గురించి కూడా అడుగుతారు. నెయ్యికి, ఏ2 పాలకు (ఏ2 రకం ప్రొటీన్ ఉన్న పాలకు) మంచి ధర పెట్టే కొనుగోలుదారులు చేతిలో ఉంటే పెట్టండి. కేంద్రంలో పోసే ఉద్దేశంతో మాత్రం వద్దు.

సగం గేదెలు, సగం ఆవులు పెడదామా అని ఇంకొందరు. వెన్న శాతం సర్దుబాటు అవుతుంది, ఏదో ఒకటి ఎప్పుడూ పాలిస్తూ ఉంటుంది. కానీ దాణా, ఎద, దూడల పద్ధతి అన్నీ రెండు రకాలు. కొత్తవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు?

నన్నడిగితే, తెల్లవారుజామున కొట్టంలో ఉండగలిగి, పాలు కేంద్రంలో పోసేవాళ్లకు జెర్సీ సంకరమే. దున్నపోతును మేపగలిగి, నేరుగా ఇళ్లకు పోసే వాడికి ముర్రా. రెండూ కుదరని మనిషి, అంటే ఊరవతల ఉద్యోగం చేసుకుంటూ జీతగాళ్లతో నడిపిద్దామనుకునే మనిషి, ఏది కొన్నా ఒక్కటే.

ఏది కొన్నా రెండో ఈతలోనో మూడో ఈతలోనో ఉన్నదాన్ని, ఈని నెల దాటనిదాన్ని చూసుకోండి. మూడు పూటలు వరసగా పిండించి చూడండి. మొదటి పూట ఎక్కువిచ్చి మూడో పూట తగ్గిందంటే, మీరు రాకముందు పాలు పిండకుండా ఆపారని అర్థం. నేపియర్ లాంటి పచ్చిమేత మొదటి కోతకు రావడానికి రెండు నెలల పైనే పడుతుంది కాబట్టి, గడ్డి నాటాకే పశువుల వేటకు బయల్దేరండి.

పది కొనాలనుకుంటే పదీ ఒకేసారి తోలుకురావద్దు. అన్నీ ఒకే నెలలో ఈనినవైతే అన్నీ ఒకే నెలలో వట్టిపోతాయి, అప్పుడు బ్యాంకు వాయిదా ఆగదు, పాల ఖాతాదారు ఆగడు. మొదటి దఫా అయిదు తెండి. ఈనిన తేదీ, ఎద కనబడిన తేదీ, సూది వేయించిన తేదీ ఒక పుస్తకంలో ఒక్కో పశువుకు ఒక్కో పేజీలో రాయండి. సూది వేసిన రెండు మూడు నెలలకు డాక్టరు చేత చూడి పరీక్ష చేయించండి. అయిదింటిలో కనీసం మూడు చూడి నిలిచాయని తేలాక రెండో దఫాకు డబ్బు తీయండి. నిలవలేదంటే ఆ డబ్బు ఇంకో అయిదు పశువుల మీద కాకుండా, ఉన్నవాటి ఎద ఎందుకు తప్పుతోందో తెలుసుకోవడానికి, ఖనిజ లవణ మిశ్రమానికి, డాక్టరు ఫీజుకు పెట్టండి.