పెద్ద కార్బురేటర్లు తీసేశాను: రాజ్‌దూత్ 350 మీద నా అనుభవం

ఈ బండి గురించి చదివేవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. రెండు సిలిండర్ల ఈ టూ స్ట్రోక్ మోటార్ సైకిల్‌ను ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో తెచ్చారనీ, హెచ్‌టీ (హై టార్క్) అంటే 30.5 హార్స్ పవర్, ఎల్‌టీ (లో టార్క్) అంటే 27 అనీ, బ్రేకులు మాత్రం దేవుడి మీద భారమనీ అందరికీ తెలుసు. నాది ఎల్‌టీ. నేను రాసేది గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ల గురించే, సిలిండర్‌కు ఒకటి. అందులోనూ పావు యాక్సిలరేటర్ మీద బండి ఎలా నడుస్తుందన్న ఒక్క విషయం గురించి. నల్గొండలో బండి నడిపేవాడి బతుకంతా ఆ పావు మీదే కదా.

కంపెనీ ఇచ్చిన 28 ఎంఎం మికునీ కార్బురేటర్లు అరిగిపోయి, లోపల యాక్సిలరేటర్ తిప్పితే లేచే స్లైడ్లు లొడలొడలాడుతుంటే, వాటి స్థానంలో 34 ఎంఎం పీడబ్ల్యూకే అనే మోడల్ రకం జత పెట్టించాను. అసలువి కావు, ఊరూ పేరూ లేని నకళ్లు. చూడ్డానికి మాత్రం దిట్టంగా ఉండేవి. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు ఖాళీగా దొరికిన పొద్దున మిర్యాలగూడ వైపు పూర్తిగా తిప్పితే బండి చేతుల్లోంచి లాక్కున్నట్టు పోయేది. ఆ కొత్తలో అడిగినవాళ్లందరికీ పెట్టించుకోండనే చెప్పాను. ఇప్పుడా మాటకు ఇంకో ముక్క చేర్చాలి. ఆ రోడ్డు మీద, ఆ వేగంలో అయితేనే.

ఎందుకంటే 28 నుంచి 34కి పోతే గొట్టం నోటి వైశాల్యం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఇంజిన్ పీల్చే గాలి మాత్రం అంతే. యాక్సిలరేటర్ కొంచెమే తెరిచినప్పుడు ఆ పెద్ద నోట్లో గాలి మెల్లగా పోతుంది, జెట్ అనే సన్న రంధ్రంలోంచి పెట్రోలును లాగే బలం తగ్గుతుంది. వచ్చిన పెట్రోలు కూడా పొగలా చెదరదు, చుక్కలు చుక్కలుగా పోతుంది. గడియారం సెంటర్లో ఆటో వెనక రెండో గేరులో పోతూ ఒక్కసారి తిప్పితే, ముందు గుక్కపట్టి, తర్వాత దూకేది. ఆ మధ్యలో ఉండే అర క్షణం ఎంత విసుగో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అసలు తగాదా శ్రీశైలం దారిలో వచ్చింది. వెనక మా బామ్మర్ది. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు దాకా ఏ ఇబ్బందీ లేదు. చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. అక్కడ వేగం పెంచనివ్వరు, పెంచకూడదు కూడా. ముప్పై నలభై మీద, యాక్సిలరేటర్‌ను ముట్టీ ముట్టనట్టు పట్టుకుని పోవాలి. పెద్ద కార్బురేటర్‌కు చేతకాని పని సరిగ్గా అదే. ఫరహాబాద్ దాటాక ఎడమ సిలిండర్ మిస్సింగ్ మొదలైంది. వటవర్లపల్లి దగ్గరికి వచ్చేసరికి ఒక్క సిలిండర్ మీద డుగుడుగుమంటోంది.

ప్లగ్ విప్పితే తడిసి ముద్దై ఉంది, కొసకు పెట్రోలు బొట్టు వేలాడుతోంది. తుడిచి బిగిస్తే కాస్త దూరం పోయి మళ్లీ అదే కథ. సరే, స్పేర్ ప్లగ్ వేద్దామని తీసి సీటు మీద పెట్టి పానా వెతుక్కునేలోగా కోతి ఎత్తుకుపోయింది. కొమ్మ మీద కూర్చుని తిప్పి తిప్పి చూసి, కొరికి, పనికిరాదని తేల్చుకుని కిందికి విసిరేసింది. పింగాణీ పగిలింది. మా బామ్మర్ది నవ్వు ఆపుకోలేకపోతున్నాడు, నాకేమో టెన్షన్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ గేటు మూసేస్తారు మరి.

తోసుకుంటూ ఊళ్లోకి తెస్తే పంక్చర్లు వేసే పెద్దాయన ఒకరు ఎడమ కార్బురేటర్ కింది గిన్నె విప్పారు. గిన్నె నిండగానే పెట్రోలు ఆపాల్సిన ఫ్లోట్ నీడిల్ కొసన ఉండే చిన్న రబ్బరు ఉబ్బి మెత్తబడింది, రంధ్రం మూసుకోవడం లేదు. గిన్నె నిండి పొర్లిన పెట్రోలు నేరుగా ఇంజిన్లోకి. పెట్రోల్లో ఇథనాల్ కలపడం వల్లే అని ఆయన, రబ్బరే నాసిరకం అని నేను. ఇద్దరి మాటా కొంత నిజమే అయి ఉంటుంది. గిన్నె బిగిస్తూ ఆయన అన్న మాట మాత్రం మర్చిపోలేను: “సారూ, గివి పందెం బండ్లకు పెట్టేటివి. అడివిల ముప్పై మీద పోయేటోనికి గింత నోరు ఎందుకు?”

శ్రీశైలంలో సరుకు దించి తిరిగొస్తున్న డీసీఎం వ్యానులో బండి ఎక్కించి, గేటు పడకముందే మన్ననూరు దాటాం. మల్లన్న దర్శనం కాలేదని బామ్మర్ది ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు.

ఇంటికొచ్చాక పాత 28లనే బాగు చేయించాను. కొత్త స్లైడ్లు, కంపెనీ సైజు జెట్లు, కొత్త ఫ్లోట్ నీడిల్స్. పెద్ద జత కొన్నదానికంటే ఖర్చు ఎక్కువే అయింది. బిగించాక రెండూ ఒకేసారి తెరుచుకునేలా కలపడం అసలు పని. మా మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ రబ్బర్లు విప్పి, రెండు స్లైడ్ల కింద చెరో సైకిల్ చువ్వ ముక్క ఇరికించాడు. నన్ను యాక్సిలరేటర్ వెంట్రుకవాసి తిప్పమన్నాడు. కుడి ముక్క ముందు జారింది. కేబుల్ నట్టు పావు చుట్టు తిప్పి మళ్లీ చూశాడు. రెండూ టక్కున ఒకేసారి పడేదాకా వదల్లేదు. వేల రూపాయల గేజీలు ఉన్నాయి కానీ, ఈ చువ్వ మీద నాకు గురి కుదిరింది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ బండిలో అదే కేబుల్ ఆటోల్యూబ్ ఆయిల్ పంపుకు, అంటే ఇంజిన్‌కు తనంతట తానే ఆయిల్ అందించే పంపుకు కూడా పోతుంది. పెద్ద కార్బురేటర్లో స్లైడు లేచే దూరం వేరు కాబట్టి పంపు తెరుచుకునే లెక్క తప్పుతుంది. అందుకే కొందరు పంపు పీకేసి ట్యాంకులోనే ఆయిల్ కలుపుకుంటారు. నాకా తలనొప్పి వద్దు.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మెయిన్ జెట్ ఒక సైజు పెంచాను. బరువు లెక్కన పెట్రోలు ఒక పాలు మండాలంటే 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లే చాలు. పాత జెట్టే ఉంచితే మిశ్రమం పల్చబడుతుంది, టూ స్ట్రోక్‌లో పల్చబడితే పిస్టన్ పట్టేస్తుంది. ప్లగ్ రంగు ఇటుక రంగులో ఉందా, తెల్లబడుతోందా అని చూసుకుంటూ ఉండాల్సిందే.

ఇప్పుడు రెండో గేరులో తిప్పిన వెంటనే బండి కదులుతుంది, గుక్కపట్టడం లేదు. నాకు కావలసింది అదే. అలాగని అంతా బాగుందని కాదు. వంద దాటాక ఆ పెద్ద జత ఇచ్చిన ఊపు ఇందులో లేదు, అప్పుడప్పుడు ఆ చప్పుడు గుర్తొస్తుంది. పెట్రోల్ కాక్ కట్టేయడం మర్చిపోతే పొద్దున్నే కుడివైపు నేల మీద మరక కూడా. సిలిండర్ రంధ్రాలు పెద్దవి చేసే పోర్టింగ్ చేయించి, రేస్ సైలెన్సర్లు పెట్టి, ఆదివారం హైవే మీద మాత్రమే తీసేవాళ్లకు 34లు సరిపోవచ్చు, అదీ అసలువి దొరికితే. నాలా కూరగాయలకూ దీన్నే తీసేవాళ్లు వాటి జోలికి పోకపోతే మంచిదని నా ఉద్దేశం.

పెద్ద జత ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. సూర్యాపేట తమ్ముడొకడు అందులో ఒకటి తన ఆర్ఎక్స్ 100కి పెట్టుకుంటా ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు.