‘మిస్ మార్వెల్’ తొలి ఎపిసోడ్: ఇంట్లో అనుమతి అడగవలసిన నాయిక

డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో 2022 జూన్ 8న మొదలైన మార్వెల్ వారి సూపర్‌హీరో ధారావాహిక ‘మిస్ మార్వెల్’ తొలి ఎపిసోడ్‌లో లోకాన్ని కబళించే దుష్టుడు లేడు, కూలిపోయే నగరాలు లేవు. పదహారేళ్ల కమలా ఖాన్ ఒక వేడుకకు వెళ్లడానికి అమ్మానాన్నలు ఒప్పుకుంటారా, ఒప్పుకోకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది అన్నదే కథంతా. ఆరు ఎపిసోడ్ల ఈ ధారావాహిక వారానికొకటి చొప్పున బుధవారాల్లో వచ్చింది. మొదటిది గంటలోపే ముగుస్తుంది. పదో తరగతి ఫలితాలు జూన్ 6న వెలువడ్డాక, పిల్లను ఏ కాలేజీలో చేర్చాలి, హాస్టల్లో ఉంచాలా, ఇంటి నుంచే పంపాలా అని విజయవాడలో ఎన్నో ఇళ్లలో తర్జనభర్జన సాగుతున్న వారంలోనే ఈ ఎపిసోడ్ వచ్చింది. ఆ చర్చల మధ్యన కూర్చుని చూసిన వారికి ఇది ఎక్కడో జరిగే కథ అనిపించదు.

కథ నడిచేది అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, జెర్సీ సిటీ అనే ఊరిలో. కరాచీ నుంచి వలస వెళ్లిన కుటుంబం అది. తండ్రి యూసుఫ్, తల్లి మునీబా, పెళ్లికి సిద్ధమవుతున్న అన్న ఆమిర్, వీరందరి తరువాత కమలా. ఆ అమ్మాయికి కెప్టెన్ మార్వెల్ అనే సూపర్‌హీరో అంటే ప్రాణం. థానోస్ అనే దుష్టుడి మీద అవెంజర్స్ అనే సూపర్‌హీరోల బృందం చేసిన యుద్ధాన్ని తాను గీసి కత్తిరించిన బొమ్మలతో, తన గొంతుతో ఒక వీడియోగా చెబుతుండగా ఎపిసోడ్ మొదలవుతుంది. ఈ ప్రారంభం ఎంతో తెలివైనది. పాత మార్వెల్ సినిమాల్లో ఒక్కటీ చూడని వారికి తెలియవలసినదంతా రెండు మూడు నిమిషాల్లో అందుతుంది, అదే సమయంలో కమలా ఎలాంటి పిల్లో, ఆమె ఊహలు ఎంత వేగంగా పరుగెత్తుతాయో కూడా అర్థమవుతుంది. ఆ సినిమాల పేర్లు కూడా తెలియని మా ఇంటి పెద్దవారు ఎక్కడా ఆపి అడగవలసిన అవసరం లేకుండా చివరిదాకా చూశారు.

డ్రైవింగ్ పరీక్షలో తప్పడం, బడిలో ఆమె పరధ్యానం గురించి సలహాదారు పిలిచి మాట్లాడటం వంటి సన్నివేశాలు త్వరగా సాగిపోతాయి. అవి పాత్రను పరిచయం చేయడానికి పనికివచ్చాయి, అంతకు మించి చెప్పవలసినదేమీ లేదు. అసలు బలం ఇంట్లోకి అడుగుపెట్టినప్పటి నుంచి కనిపిస్తుంది. అన్న పెళ్లి బట్టల కోసం తల్లీకూతుళ్లు బజారుకు వెళ్లడం, దర్జీ దగ్గర కొలతలు, దారిలో ఎదురైన తెలిసినవారి పలకరింపులు, పెళ్లి వద్దనుకుని ఐరోపా తిరగడానికి వెళ్లిన ఒక అమ్మాయి గురించి గుసగుసలు, అవి వింటూ తల్లి కూతురి వైపు చూసే చూపు — వీటిలో ఒక్కటి కూడా అరువు తెచ్చుకున్నట్టు లేదు. విజయవాడ వస్త్రలతలోనో బీసెంట్ రోడ్డులోనో పెళ్లి బట్టలు కొనడానికి అమ్మ వెంట తిరిగిన ఏ అమ్మాయికైనా, ఆ సంభాషణలో తన పేరు ఎప్పుడు వస్తుందోనన్న బెరుకు అనుభవమే. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి పిల్లలను న్యూజెర్సీకి పంపిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక, అక్కడ పుట్టి పెరుగుతున్న మనుమలు, మనుమరాళ్ల ఇల్లు లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా ఈ భాగం ఉపయోగపడుతుంది. మాటలు ఇంగ్లీషులో సాగినా కమలా తల్లిని అమ్మీ అని, తండ్రిని అబ్బూ అని పిలుస్తుంది. ఆ పిలుపులను ఎక్కడా వివరించకుండా, సహజంగా వదిలేయడం నాకు నచ్చింది. విజయవాడ వన్‌టౌన్‌లో ఉర్దూ మాట్లాడే ఇళ్ల పొరుగున పెరిగిన వారికి అవి వివరించవలసిన మాటలు కావు కూడా.

ఎపిసోడ్ మొత్తంలో నేను మరీ మరీ చూసిన సన్నివేశం ఒకటి ఉంది. అవెంజర్ల అభిమానులు జరుపుకునే అవెంజర్‌కాన్ అనే వేడుకకు వెళ్తానని కమలా అడుగుతుంది. తల్లి ససేమిరా అంటుంది. కొంతసేపటికి తల్లిదండ్రులిద్దరూ మనసు మార్చుకుని పిలుస్తారు. వెళ్లవచ్చు, అయితే తండ్రి వెంట వస్తాడు. యూసుఫ్ ఒళ్లంతా ఆకుపచ్చ రంగు పూసుకుని, అవెంజర్లలో ఒకడైన హల్క్ వేషానికి తగిన సల్వార్ కమీజ్ వేసుకుని గదిలోకి వస్తాడు. కూతురికీ అలాంటిదే సిద్ధం చేశారు; ఆయన పెద్ద హల్క్, ఆమె చిన్న హల్క్. అప్పటికే స్నేహితుడు బ్రూనో సాయంతో కెప్టెన్ మార్వెల్ దుస్తులు తయారుచేసుకున్న కమలాకు తల కొట్టేసినట్టవుతుంది. తండ్రితో అలా వెళ్లడం తనకు అవమానమని నోరు జారుతుంది. ఆ మాట విన్న క్షణంలో యూసుఫ్‌గా నటించిన మోహన్ కపూర్ ముఖంలో వచ్చే మార్పును ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆయన కోప్పడడు, గొంతు పెంచడు. ఉత్సాహమంతా కళ్లలోంచి దిగిపోతుంది, అంతే. కూతురి లోకంలోకి తనకు తెలిసిన ఒకే ఒక దారిలో అడుగుపెట్టబోయిన తండ్రిని ఆ పిల్ల గుమ్మంలోనే ఆపేసింది. ఇక్కడ రచయిత్రి బిషా కె. అలీ ఎవరి పక్షమూ తీసుకోలేదు. పిల్ల సిగ్గు పడటం న్యాయమే, తండ్రి నొచ్చుకోవడం న్యాయమే, తల్లి మండిపడటమూ న్యాయమే. పిల్లల మాటే గెలవాలని, పెద్దవారు వెనుకబడినవారని తేల్చేసే కథలు చూసి విసిగిన నాకు ఈ సమన్యాయం గొప్ప ఊరట కలిగించింది.

మునీబాగా జెనోబియా ష్రాఫ్ నటన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ పాత్రను కేవలం గయ్యాళి తల్లిగా చూపడం చాలా సులువు. ఆమె మాత్రం ప్రతి మందలింపు వెనుక ఒక భయాన్ని నిలిపింది. కరాచీలోని అమ్మమ్మ పంపిన పెట్టెలో పాత సామాన్ల మధ్య కనిపించిన కంకణాన్ని కమలా చేతిలోకి తీసుకున్నప్పుడు, తల్లి దానిని పనికిరాని వస్తువుగా కొట్టిపారేసి అటక మీదికి పంపించే తీరులో ఏదో దాచిన విషయం ఉందని తెలిసిపోతుంది. ఇక కమలాగా ఇమాన్ వెల్లానీ. కరాచీలో పుట్టి కెనడాలో పెరిగిన ఈ అమ్మాయికి తెర మీద ఇదే మొదటి పాత్ర అంటే నమ్మడం కష్టం. ఆనందం వస్తే ఆమె ఒళ్లంతా కదులుతుంది, అబద్ధం చెబితే గొంతు ముందే పట్టించేస్తుంది. కమలా తల్లిదండ్రులను బాధపెట్టినప్పుడు కూడా మనకు ఆమె మీద కోపం రాకపోవడానికి కారణం ఆ నటనే.

ఈ ఎపిసోడ్‌కు దర్శకులు అదిల్ ఎల్ అర్బీ, బిలాల్ ఫలా. మొరాకో మూలాలున్న బెల్జియం దేశస్థులు వీరు. కమలా, బ్రూనో సైకిళ్ల మీద మాట్లాడుకుంటూ వెళ్తుంటే వెనుక గోడల మీది బొమ్మలు కదిలి వారి ఊహలను చూపుతాయి. ఫోన్‌లో వారు పంపుకునే సందేశాలు వీధిలోని దీపాల అక్షరాలుగా, పరిసరాల్లో భాగంగా వెలుగుతాయి. ఆ హంగులు కంటికి ఇంపుగా ఉన్నాయి, కమలా మనసు తీరుకు కూడా అతికినట్టు సరిపోయాయి.

నా అభ్యంతరాలు శక్తుల దగ్గర మొదలవుతాయి. సనా అమానత్, జి. విల్లో విల్సన్, ఏడ్రియన్ అల్ఫోనా తదితరుల చేతుల్లో రూపుదిద్దుకుని 2014లో సొంత కామిక్స్ పుస్తకం అందుకున్న కమలా ఖాన్‌కు అక్కడ వేరే శక్తి ఉండేది. ఒక వింత పొగమంచు సోకడం వల్ల ఆమె తన శరీరాన్ని సాగదీసుకోగలదు, పెంచుకోగలదు, కుదించుకోగలదు. తన ఒంటి మీద, తన రూపం మీద ఇంకా నమ్మకం కుదరని వయసులో ఆ ఒళ్లే మాట వినకుండా పోవడం ఆ కథకు ప్రాణం. ఆ కామిక్స్ తొలి సంపుటానికి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో పురస్కారం దక్కడంలో ఆ భావనకూ వాటా ఉందని నేను నమ్ముతాను. ధారావాహికలో దానిని మార్చి, అమ్మమ్మ పంపిన కంకణం తొడుక్కోగానే గట్టిపడే వెలుగు పుట్టేట్టు చేశారు. ఈ మార్పు వల్ల శక్తి వంశం నుంచి, తల్లి దాచిపెట్టిన గతం నుంచి వచ్చినట్టయింది. ఇంటి చుట్టూ అల్లిన ఈ కథకు అది నిజంగా బలమే. కానీ తెర మీద ఆ ఊదారంగు స్ఫటికాల వెలుగు ఇప్పటికే ఎన్నో చోట్ల చూసిన మెరుపుల్లాగే ఉంది. కథలో లాభించిన మార్పు కంటికి మాత్రం నష్టమే మిగిల్చింది.

అవెంజర్‌కాన్‌లో జరిగే ప్రమాద సన్నివేశం కూడా తొందరలో కుట్టిన బట్టలా ఉంది. రహస్యంగా ఇల్లు దాటిన కమలా వేషధారణ పోటీలో వేదికెక్కుతుంది, చివరి క్షణంలో కంకణం తొడుక్కుంటుంది, వెలుగు అదుపు తప్పుతుంది. యాంట్‌మ్యాన్ అనే సూపర్‌హీరో బొమ్మ తల ఊడి దొర్లుతుంది, వేలాడే సుత్తి బడిలో అందరూ మెచ్చే జోయిని గాలిలోకి ఎగరగొడుతుంది, కమలా సాచిన చేతి నుంచి వెలుగు చెయ్యిగా మారి ఆమెను పట్టుకుంటుంది. మొదటిసారి తన చేతి నుంచి అలాంటిది పుట్టినప్పుడు ఆ పిల్లకు కలిగిన విస్మయంలో మనం నిలవడానికి దర్శకులు ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు. బజారులో దర్జీ దగ్గర అంత నెమ్మదిగా నిలబడిన కెమెరా ఇక్కడ ఎందుకింత కంగారు పడిందో నాకు అర్థం కాలేదు. ఆ వేదిక మీద ఆమె ముఖాన్ని ఇంకొంతసేపు చూపి ఉండవలసింది.

ఆ తొందరను తరువాతి సన్నివేశం చాలావరకు సరిదిద్దింది. కిటికీ గుండా దొంగచాటుగా గదిలోకి చేరిన కూతురికి చీకట్లో ఎదురుచూస్తున్న తల్లి కనిపిస్తుంది. మునీబా తిట్లు లంకించుకోదు. మేము పెంచిన మంచి పిల్లగా ఉంటావా, ఆకాశంలో తల పెట్టుకుని తిరిగే ఈ మనిషిగా ఉంటావా అన్న అర్థంలో అడుగుతుంది. కమలా వద్ద జవాబు లేదు. పదహారేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఈ ఎపిసోడ్‌ను పిల్లలతో కలిసి చూడమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఈ సన్నివేశమే. పిల్లలకు చూపడానికి ఇబ్బంది కలిగించేదేదీ నాకు ఇందులో కనిపించలేదు. మాటలు వేగంగా సాగుతాయి కనుక ఇంగ్లీషులో చూసేవారు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే మంచిది.

పేర్లు పడుతున్నప్పుడు లేచిపోకూడదు. మధ్యలో వచ్చే చిన్న సన్నివేశంలో, అవెంజర్‌కాన్ వీడియో చూసిన ప్రభుత్వ విభాగం ఒకటి ఈ అమ్మాయి కోసం వెతకడం మొదలుపెడుతుంది. అక్కడ నాకు కొంత ఆందోళన కలిగింది. వెంటాడే అధికారులు, తప్పించుకునే నాయిక అన్న పద్ధతిలోకి కథ పూర్తిగా జారిపోతే యూసుఫ్, మునీబా పక్కకు వెళ్లిపోతారు. తరువాతి ఎపిసోడ్‌లో నేను ముందుగా చూడబోయేది అటక మీదికి ఆ కంకణాన్ని తల్లి ఎందుకు పంపిందో ఎవరైనా ఆమెను అడుగుతారా, అడిగితే ఆమె కూతురికి నిజం చెబుతుందా అన్నదే.